పొగ రాని ఇల్లు

అయ్యో అయ్యో, అక్కడ కాదండీ! ఆ కుర్చీలో కూర్చోకండి. ఇటు రండి, తలుపు పక్కన ఈ బల్ల ఉంది చూడండి, దీనిమీద కూర్చోండి. ఇక్కడైతే గాలి బాగా కొడుతుంది.

కూర్చున్నారూ? కూర్చోనే కూర్చున్నారు. ఇంకేం, అయిపోయింది. ఆ కుర్చీలో కూలబడ్డవాళ్ళు తమంతట తాము లేవగా నేనింతవరకూ చూడలేదు. మా ఫాదరుగారు ఇల్లు దీవించడానికొచ్చి, అందులోనే కూర్చుని, నోరు తెరుచుకుని గుర్రుపెట్టారు. గుడిలో జపమాలకి వచ్చిన జనమంతా ఆయన కోసం చూసి చూసి ఇళ్ళకి పోయారు.

తడిసి ముద్దయ్యారు, పాపం. ఎక్కడి డబ్లిను, ఎక్కడి ఈ పడమటి సముద్రపొడ్డు కానమారా! రైలు దిగి, బస్సు దిగి, ఈ వానలో సైకిలు తొక్కుకుంటూ రాళ్ళలో పడి వచ్చారు. నాకు మాత్రం జాలి ఉండదా? బూట్లు విప్పుకోండి. మేజోళ్ళు ఇలా ఇవ్వండి, ఆరేస్తాను. కానీ ఆఫీసరుగారూ, ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఈ గోడపొయ్యిని చూసి మా ఇంటి సంగతి తేల్చెయ్యకండి. పొయ్యి వేరు, ఇల్లు వేరు.

ఏమన్నారు? హాయిగా ఉందా?

అదిగో! ఆ మాట మీ నోట రాకూడదనే పొద్దున్నించీ పేరు తెలిసిన పునీతులందరికీ మొక్కుకుంటున్నాను. ఒక్కరూ వినలేదు. వాళ్ళూ చలికి ఎవరి పొయ్యి దగ్గరో ముడుచుకుని ఉంటారు.

మీరొచ్చిన పని ఏమిటో ఈ ఒడ్డున పాలు తాగే పిల్లలకి కూడా తెలుసండీ. తూర్పున మీత్ జిల్లాలో ప్రభుత్వం కొత్త ఇళ్ళు కట్టించింది. ఇంటితో పాటు పొలం, ఆవు, నాగలి. మా ఊరికి ఇంకొక్క ఇల్లే మిగిలింది. ఉండటానికి ఎవరి కొంప మరీ అధ్వాన్నంగా ఉంటే వాళ్ళకి ముందు. అంతేగా మీ రూలు? అడిగినవాళ్ళం మేమూ, గుట్ట అవతల విన్నీ వాళ్ళూ. పొద్దున విన్నీ ఇల్లు చూసొచ్చారు. ఎలా తెలిసిందంటారా? మీ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ ఇంట్లోకి వెళ్ళి ఏడవకుండా బయటికొచ్చిన మగాడు లేడు.

ఆ విన్నీ సంగతి చెబుతాను వినండి. పోయిన ఆకురాలే కాలంలో నేనే వెళ్ళి అడిగాను. ‘విన్నీ, మా పొయ్యిలాగే మీదీ బాగుచేసి పెడతానే, పిల్లల కళ్ళు చూడు ఎలా ఉన్నాయో’ అని. అదేమందో తెలుసా? చంటివాడి కళ్ళనీళ్ళు గౌను అంచుతో తుడుస్తూ, ‘ఇప్పుడెందుకులే డీలియా. ఆ ఆఫీసరొచ్చి చూసి వెళ్ళనీ, అప్పుడు చేద్దువు’ అంది.

నాకప్పుడు అర్థం కాలేదు. పుస్తకాలు చదివినదాన్ని కదా!

పొమ్మనలేక పొగబెట్టారని సామెత. మా దగ్గర అది తిరగబడిందండీ. పొగ ఉన్నవాళ్ళని మీరు రమ్మంటున్నారు. పొగ లేనివాళ్ళని ఉండిపొమ్మంటున్నారు.

కాదు, కాదు, మీమీద కోపం కాదు. కోపం ఎవరిమీదో తేల్చుకోలేకే ఇంత వాగుతున్నాను. టీ తాగండి. రొట్టె ముంచుకుని తినండి, గట్టిగా ఉంది.

మా పొలం చూశారా? చూడలేదా? మీ సైకిలు దేనికి ఆనించారు? ఆ రాళ్ళగుట్టకేగా? అదే మా పొలం.

నవ్వకండి. నిజంగా అదే. మా ఆయన తాత బండమీద సముద్రపు నాచూ ఇసకా పరిచి, కుళ్ళబెట్టి, తిరగేసి మట్టి చేశాడు. వాన పడ్డప్పుడల్లా కాస్త కాస్త కొట్టుకుపోతుంది. చలికాలం రాగానే మళ్ళీ బుట్టలు వీపుకి కట్టుకుని నాచు మోస్తాం. పంట మోసుకునే రైతుల్ని చూసుంటారు. పొలాన్నే మోసుకునేవాళ్ళని చూశారా? ఇదుగో, నా వీపు. పెళ్ళినాటికి నిటారుగా ఉండేది. ఇప్పుడు అద్దం ముందు నిలబడితే పక్కనుంచి మా అత్త కనిపిస్తోంది.

మీత్‌లో గునపం వేస్తే పిడిదాకా దిగుతుందటగా? రాయి తగలకుండా? మా ఆయన ఫెస్టీకి చెబితే నమ్మలేదు. ‘అబద్ధమే అది. అంత మట్టి ఒక్కచోట ఎవడు పెడతాడు’ అన్నాడు.

ఎక్కడున్నాడంటారా? నాచు కొయ్యడానికి వెళ్ళాడు. సముద్రం వెనక్కి తగ్గింది. ‘గవర్నమెంటు వచ్చిందని నీళ్ళు ఆగుతాయా’ అన్నాడు పోతూ పోతూ. అసలు సంగతి అది కాదులెండి. మీ ముందు నిలబడితే ఇటు నేను, అటు వాళ్ళమ్మ. ఎవరో ఒకరి పక్షాన మాట్లాడి చావాలి. దానికంటే నడుం లోతు చన్నీళ్ళలో నిలబడ్డమే నయమనుకున్నాడు. మంచివాడేనండీ. మంచివాడు, అంతే.

ఇదిగో, ఈవిడే మా అత్త, నాప్లా. పొయ్యి అంచున మూల రాతిమీద పిల్లిలా కూర్చుంది చూశారా? సగం చెవుడు. అవసరమైనప్పుడు పూర్తి చెవుడు. అత్తా, చాల్లే, మట్టిబొగ్గు ఇంక వెయ్యకు! చూశారా, వినిపించలేదు. ఈ చలికాలానికని బురదనేల కోసి, ఎండేసి, గాడిదమీద తోలుకొచ్చిన మట్టిబొగ్గండీ అది. రోజుకి ఒక బుట్టకి మించి వాడితే నన్ను నంజుకు తినే మనిషి, మీరొస్తున్నారని తెలిసి పొద్దున్నించీ బుట్ట వెనక బుట్ట గుమ్మరిస్తోంది. ఎందుకో ఊహించండి. మీ వీపు మీకు చెబుతూనే ఉందిగా.

ఆవిడ రాదట. మేం వెళ్ళకూడదట. అదీ సంగతి.

ఈ పొయ్యి ఎవరు కట్టారంటారా?

నేనే. ఈ చేతులతోనే. కట్టకపోయి ఉంటే బాగుండును అందామంటే నోరు రావడం లేదు. అదే నా ఖర్మ.

మునుపు ఇక్కడ పొయ్యి ఎలా ఉండేదనుకున్నారు? బండీ, దాన్ని లాగే గాడిదా పట్టేంత గుహ. పైకి చూస్తే ఆకాశం కనిపించేది. వాన నేరుగా కూరకుండలో పడేది. నీళ్ళు పొయ్యక్కర్లేదని మా ఆయన పరాచికం. నిప్పు ముందు కూర్చుంటే మోకాళ్ళు కాలేవి, వీపు గడ్డకట్టేది. వేడంతా పైకి పోయి సముద్రపు కొంగలు కాచుకునేవి. పొగ మాత్రం బుద్ధిగా ఇంట్లోనే ఉండిపోయేది.

మా చిన్నది సాలీ ఆ పొగలోనే పుట్టింది. పాలతో పాటు పొగ తాగింది. దగ్గు మొదలెడితే పెదాలు నీలంగా తిరిగేవి. డాక్టరు వచ్చి దాని రొమ్ముమీద చెవిపెట్టి విని, ‘పొగలోంచి తియ్యండమ్మా’ అన్నాడు. తీసి ఎక్కడ పెట్టను? సముద్రంలోనా?

అప్పుడు నేను మా బడి పంతులమ్మగారింట్లో పుస్తకాలు దులిపే పని చేసేదాన్ని. దులపడానికి ఒక పూట చాలు. నేను చలికాలమంతా దులిపాను. ఒక్కొక్కటీ చదివి మరీ దులిపాను. అందులో అట్ట ఊడిపోయిన ఇంటిపనుల పుస్తకం ఒకటి. సబ్బు ఉడికించడం, నల్లులు పోగొట్టడం, వాటి మధ్యన పొయ్యి బొమ్మ. వెనకగోడ ఎందుకు ముందుకి రావాలి, పక్కగోడలు ఎందుకు వాలుగా ఉండాలి, పొగగొట్టం గొంతు ఎందుకు బిగించాలి. నాలుగు గీతలు, ఒక పేజీ.

చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది ఆఫీసరుగారూ. మా అమ్మ కళ్ళు పోగొట్టుకుంది. వాళ్ళమ్మా పోగొట్టుకుంది. ఈ నాలుగు గీతలు మాకెవరూ చెప్పకనా! పాటలు చెప్పారు, ప్రార్థనలు చెప్పారు, పాపాలు ఎన్ని రకాలో వేళ్ళమీద లెక్కపెట్టించారు. పొగ ఎటు పోతుందో ఒక్క మహానుభావుడూ చెప్పలేదే!

ఫెస్టీని అడిగితే ‘చూద్దాం’ అన్నాడు. ఆ ‘చూద్దాం’తో మా పెళ్ళి నుంచీ కాపరం చేస్తున్నాను, దాని సంగతి నాకు తెలుసు. నేనే బయల్దేరాను. ఇంగ్లీషువాళ్ళతో గొడవల రోజుల్లో మనవాళ్ళు తగలబెట్టిన కోస్టుగార్డు బంగళా ఉందే, ఆ మొండిగోడల్లోంచి కాలని ఇటుకలు ఏరాను. బంకమన్నూ ఇసకా కలిపి తొక్కాను. వెనకగోడ ముందుకి జరిపాను. పక్కలు తెరిచిన పుస్తకంలా వాల్చాను. పొగగొట్టంలోకి తల దూర్చి గొంతు బిగించాను. మసి నా జుట్టులోంచి మళ్ళీ ఎండాకాలానికి గానీ పోలేదు.

మా అత్త గోల ఇంతా అంతా కాదు. ఎందుకంటే ఆ నిప్పు ఆరకూడదు. మీ డబ్లినులో అగ్గిపుల్ల గీస్తారు, నిప్పు పుడుతుంది. మా ఇంట్లో నిప్పు పుట్టదు, ఉంటుంది. మా ఆయన ముత్తాత నాటి నిప్పు ఇది. పడుకోబోయే ముందు నివురు కప్పి పునీత బ్రిజిడ్ తల్లికి అప్పగిస్తాం. తెల్లారి నివురు తీసి ఊదుతాం. నేను గోడ కట్టినన్నాళ్ళూ ఆ నిప్పుని ఇనపకుండలో పెట్టి ఆవుల పాకలోకి మార్చాం. మా అత్త దుప్పటి కప్పుకుని దాని పక్కనే కాపలా. పక్కింటివాళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళు, ఎవరో మంచాన పడ్డట్టు.

అక్కణ్ణించి కూడా నోరు ఊరుకోలేదు. ‘పొగగొట్టం పీక నొక్కేశావు కదే, రేపు నేను చస్తే ప్రాణం ఎటు పోతుందే’ అని అరిచింది.

‘తలుపు తెరిచే ఉంచుతాను అత్తా, నువ్వు బయల్దేరు’ అన్నాను నేను.

నవ్వొచ్చిందా? మా అత్త కూడా నవ్వింది. అదే ఆవిడతో చిక్కు. పూర్తిగా చెడ్డదైతే నా బతుకు తేలికయ్యేది.

నిప్పు తెచ్చి కొత్త పొయ్యిలో పెట్టామండీ. పొగ ఒకసారి గదిలోకి తొంగి చూసింది. ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగి పైకి పోయింది. వేడి మాత్రం ఇటు తిరిగింది. వాలుగోడలు దాన్ని చేత్తో తోసినట్టు గదిలోకి తోశాయి. కాసేపటికి మా ఆయన వీపు తడుముకుని, ‘ఇదేమిటే, నా వెనక ఎవరో ఉన్నట్టుంది’ అన్నాడు. వీపు వెచ్చబడటం అంటే ఏమిటో మాకు తెలీదు మరి! గోడలు చెమర్చడం మానేశాయి. ముందు కాల్చిన దాంట్లో సగం మట్టిబొగ్గు సరిపోతోంది. వసంతం రాకముందే సాలీ దగ్గు పోయింది. పూర్తిగా పోయింది.

మరి మంచిదేగా, అంటారా?

మంచిదే! కొరివితో తల గోక్కున్నా ముందు హాయిగానే ఉంటుందేమో, ఎవరికి తెలుసు.

మీ కొత్త ఇళ్ళ కబురు ఆ తరవాతే తెలిసింది. అధ్వాన్నమైన ఇంటికే ముందని కూడా తెలిసింది. అప్పటినుంచీ ఈ పొయ్యి నన్ను చూసి పళ్ళికిలిస్తోంది.

సాలీ! ఇలా రావే. ఆఫీసరుగారికి దణ్ణం పెట్టు. పెట్టావా? ఊఁ... మరి? ఏం మర్చిపోయావు? నిన్న మనం అనుకున్నాం కదే? గుర్తొచ్చిందా? ఆ, కానీ.

ఇదేం దగ్గే! కోడిపెట్ట గుడ్డు పెట్టి అరిచినట్టుంది. ఆపు. మళ్ళీ నవ్వు కూడానా! పో, అన్న దగ్గరికి పో.

చూశారుగా. మీ దగ్గర దాపరికం ఎందుకు, నేనే నేర్పాను. ‘ఆఫీసరుగారు వచ్చినప్పుడు దగ్గవే తల్లీ, కాస్త గట్టిగా’ అని. అది దగ్గడం మర్చిపోయింది ఆఫీసరుగారూ. నా పిల్ల దగ్గడం ఎలాగో మర్చిపోయింది! నేను ఏడవాలా, పండగ చేసుకోవాలా, మీరు చెప్పండి.

ఇక పొద్దున జరిగింది చెబుతాను. కాస్త ఇటు వంగండి, మా అత్తకి ఈ ముక్క మాత్రం వినిపిస్తుంది.

మీరు ఊళ్ళోకి వచ్చారని తెలియగానే సుత్తి తీశాను. గొంతు దగ్గర రెండు వరసల ఇటుకలు ఊడగొడితే చాలు, పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. మీరు గుమ్మంలోనే దగ్గి, కళ్ళు తుడుచుకుని, రాసేసుకుని పోతారు. మీరు వెళ్ళగానే మళ్ళీ ఇటుకలు పెట్టేస్తాను. మోసమే. అవును, మోసమే. ఎవరిల్లు పోయింది? విన్నీది అంటారా? విన్నీ కళ్ళెదుట పిల్లలు గుడ్డివాళ్ళవుతుంటే పొయ్యి అలాగే ఉంచుకుంది, అది మోసం కాదూ? ఇద్దరం ఒక తానులో ముక్కలమే. దానికి తెలివి ముందొచ్చింది, అంతే తేడా.

సుత్తి పట్టుకుని ఇటు తిరిగేసరికి మా అత్త ఆ మూల రాతిమీదకి ఎక్కి కూర్చుంది. సరిగ్గా నేను కొట్టాల్సిన చోటి కింద. ‘లే అత్తా’ అన్నాను. లేవలేదు. ‘ఇటుక నెత్తిన పడుతుంది, లే’ అన్నాను. ‘పడనీ. పీక నొక్కినదానివి, నెత్తిన కొట్టలేవా’ అంది.

అరిచాను. నోటికొచ్చిందల్లా అన్నాను. నీ మూలాన నా పిల్లలు రాళ్ళు మోసుకుంటూ చస్తారన్నాను. నువ్వు ఇవాళో రేపో పోతావు, మమ్మల్ని ఇక్కడ పాతేసి పోతావా అన్నాను. ఆవిడ అంతా విని, మెల్లిగా అంది: ‘మీత్‌లో సముద్రం లేదుగదే. కోల్మన్ ఎటునుంచి వస్తాడు?’

కోల్మన్ అంటే ఆవిడ పెద్దకొడుకు. మా ఆయన అన్న. తండ్రీ కొడుకూ ఒకే పడవలో పోయారు. మామగారు ఒడ్డుకి కొట్టుకొచ్చారు, మట్టిలో కలిశారు. కోల్మన్ ఇంకా రాలేదు. నేను కాపరానికి రాకముందు మాట. ఏటా చనిపోయినవాళ్ళ పండుగనాడు మా వైపు పొయ్యి నిండుగా వేసి, కుర్చీలు దగ్గరికి లాగి, తలుపు గడియ తీసి పడుకుంటాం. వెళ్ళిపోయినవాళ్ళు వచ్చి కాసేపు కాచుకుని పోతారని. అందరి ఇళ్ళలోనూ ఉన్నదేలెండి, మీ అమ్మమ్మ కూడా చేసే ఉంటుంది. కోల్మన్ కోసం వేసే కుర్చీ మీరు కూర్చున్నదే. లేవకండి, లేవకండి. లేచి ఇప్పుడు చేసేదేముంది.

నాకు వీటిమీద నమ్మకం లేదు. పుస్తకాలు చదివాను. చచ్చినవాళ్ళు చలికాచుకోరు, ఆ సంగతి నాకు తెలుసు. ‘అత్తా, కోల్మన్ రాడు’ అనబోయాను.

ఆవిడేమందో తెలుసా?

‘ఇన్నేళ్ళూ వాడు చన్నీళ్ళలోంచి వచ్చి ఆ పొగలో కూర్చుని పోయాడే. వాడి ఒళ్ళు ఎప్పుడూ వెచ్చబడి ఉండదు. నువ్వు పొయ్యి కట్టాకే వాడికి చలి తీరింది. నీకు చెప్పలేదు గానీ డీలియా, ప్రతి పూటా నీకోసం దేవుడికి చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నువ్వే పడగొడతావా?’

ఏం చెయ్యమంటారు? చెప్పండి! తిట్టిందా, తిరిగి తిట్టగలను. కొట్టిందా, తిరిగి కొట్టేదాన్నేమో కూడా. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నించీ ఆవిడ నోటినుంచి ఒక్క మెచ్చుకోలు వినలేదు. దాచి దాచి ఇవాళ, ఈ పూట, నా చేతిలో సుత్తి ఉండగా తీసింది. ముసలిది! ఎంత గడుసుదో! లేదు, గడుసుతనం కాదు. అదే అయితే నాకు తెలిసిపోయేది. కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు చీదలేదు. ఉప్పు చేప ధర చెప్పినట్టు చెప్పింది.

సుత్తి పక్కన పడేశాను. మీరు గుమ్మంలోకొచ్చారు.

ఆఫీసరుగారూ, పొయ్యిని వదిలెయ్యండి. లేవండి ఒక్కసారి. రండి, పిల్లల గది చూపిస్తాను. తలవంచుకోండి, దూలం తగులుతుంది. చూడండి ఎంత గదో! ఇద్దరు పెద్దపిల్లలూ సాలీ ఒకే మంచంమీద, తలలు ఇటూ కాళ్ళు అటూ. కిటికీకి అద్దం లేదు, గోతాం కట్టాం. నేల పచ్చిమట్టి. ఇక్కడ చలి ఎలా ఉందో చూడండి, ఇది రాయండి, ఇది...

గోడమీద చెయ్యెందుకు పెట్టారు?

అవును. వెచ్చగానే ఉంటుంది. పొయ్యి వెనకభాగం ఆ గోడకే ఆనుకుని ఉంది. వెనకగోడ ముందుకి జరిపినప్పుడు మధ్యలో మిగిలిన ఖాళీని రాళ్ళతో నింపాను. ఆ రాళ్ళు వేడెక్కితే తెల్లారేదాకా చల్లారవు. పిల్లల కాళ్ళు వెచ్చగా ఉండాలని చేశాను. పుస్తకంలో లేదు అది, నా సొంత తెలివి. నా సొంత దిక్కుమాలిన తెలివి!

రండి, వెళ్ళి కూర్చోండి. ఇక్కడ చూడ్డానికేం లేదు.

రాస్తున్నారా? రాయండి. నేను తొంగి చూడనులెండి. చదవడం వచ్చినవాళ్ళకి తొంగి చూడకుండా ఉండటం ఎంత కష్టమో మీకేం తెలుసు.

చెప్పండి. చెప్పేయండి, నాకు ఆలస్యం చేసి చెబితే గిట్టదు.

ఊఁ.

ఊఁ. ‘పొడిగా, వెచ్చగా, పొగ లేకుండా.’ ఈ ఒడ్డున మీరు చూసినవాటిలో మేలైన ఇల్లు. అందుకని విన్నీ వాళ్ళకి.

న్యాయమేనండీ. కాదని ఎలా అంటాను? విన్నీకి నలుగురు పిల్లలు. నలుగురి కళ్ళూ పోతున్నాయి. నేను మీ కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని. అదే నాకు కడుపుమంట. తప్పు రాసి ఉంటే బాగుండేది. మీ పైవాళ్ళకి ఫిర్యాదు చేసేదాన్ని, పేపర్లో వేయించేదాన్ని, ఫాదరుగారి ప్రాణం తోడేదాన్ని. న్యాయం జరిగితే ఎవడితో పోట్లాడతాం?

మళ్ళీ ఏడాది ఉంటుందా? ఉండదా? ఊఁ. ఇదే ఆఖరుదా.

అత్తా! విన్నావా? మనం ఎక్కడికీ పోవడం లేదు! ఇప్పుడు వినిపించింది చూశారా? ఎగరడం లేదు, నవ్వడం లేదు. నా వంకే చూస్తోంది. అలా చూడకు అత్తా. తిట్టు. ఏదో ఒకటి అను, నీకు పుణ్యముంటుంది. ఆ రొట్టె మాడిందను. నా వంట ఎప్పుడూ అంతేనను.

బయల్దేరుతున్నారా? వాన తగ్గలేదే. సరే మీ ఇష్టం.

ఏమిటీ?

ఏమిటన్నారు? మళ్ళీ అనండి.

కొలతలా! ఈ పొయ్యి కొలతలా?

మీ ఇంట్లో... చలవరాతి పొయ్యి... బండ్లకొద్దీ బొగ్గు తింటుంది, వేడి మాత్రం రాదు... మీ ఆవిడ గదిలో కూడా కోటేసుకుని కూర్చుంటుంది. అవునా? పాపం.

ఓరి దేవుడా. ఉండండి, నవ్వనివ్వండి. చాలా రోజులైంది నేనిలా నవ్వి. ఫెస్టీ ఉండాల్సింది. ఒక చేత్తో మా పేరు కొట్టేసి, ఆ చేత్తోనే... కాదులెండి, మీకు సిగ్గేస్తోంది, ముఖం ఎర్రబడింది. లేక అదీ నా పొయ్యి మహిమేనా?

తప్పు చెప్పొచ్చు, తెలుసా? ఒక్క కొలత అటూ ఇటూ చేస్తే చాలు. చలికాలమంతా మీ ఆవిడ కళ్ళొత్తుకుంటూ మిమ్మల్ని తిడుతుంది. గొంతు ఎక్కడ సడలిస్తే పొగ ఎలా తిరగబడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నా నోరు అంత దూరం పోగలదు. పోదామనే ఉంది దానికి కూడా.

పిల్లలున్నారా మీకు?

ఇద్దరా. చిన్నదానికి ఎన్నో ఏడు?

...కాగితం తియ్యండి. ఆ కాగితమే, ఫరవాలేదు, వెనక ఖాళీగా ఉందిగా. మీ పొయ్యి నోటి వెడల్పు కొలవండి. అందులో మూడో వంతే వెనకగోడ ఉండాలి. అంతకి మించొద్దు. పక్కగోడలు రెండూ వాలుగా, తెరిచిన పుస్తకంలాగా. లోతు తగ్గించండి, నిప్పు మనుషుల దగ్గరికి రావాలి. మేస్త్రీ ‘మా తాతల నుంచీ ఇంత లోతే’ అంటాడు. అంటే మా అత్త చుట్టమేమో కనుక్కోండి.

ఇక గొంతు. ఇది జాగ్రత్తగా రాసుకోండి, అంతా ఇక్కడే ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు. అంతే. మేస్త్రీకి భయం వేస్తుంది, పొగ ఎలా పోతుందండీ అంటాడు, కాస్త వదులు చేస్తానంటాడు. చెయ్యనివ్వకండి. బయటికి పోయే దారి ఎంత ఇరుగ్గా ఉంటే ఇల్లు అంత వెచ్చగా ఉంటుంది.

రాసుకున్నారా? ఏదీ, చూపించండి.

మూడో వంతు అని సరిగ్గా పడలేదు. దిద్దుకోండి.